ఆఖరి లాంచి

ముందు తప్పులు చెప్పేస్తాను, దాచను.

తలుపు వేస్తే గోడ వణుకుతుంది.
అది పోలీస్ స్టేషన్ గోడ.
హంతకుడి కారూ ఇన్‌స్పెక్టర్ కారూ ఒకటే.
నంబరు పలక మార్చారు గానీ
బానెట్ మీద సొట్టని ఏం చేస్తారు?
విలన్‌కీ, టీ కొట్టువాడికీ, శవపరీక్ష డాక్టరుకీ
ఒకటే గొంతు:
మిగతా ఇద్దరికీ మద్రాసు రైలు ఛార్జీలు ఇవ్వలేదట.
వాన తెరకి ఎడమ సగంలోనే కురుస్తుంది.
మునిసిపాలిటీ ట్యాంకరు ఆ సందులోకి అంతవరకే పట్టింది.
మధ్యలో ఒక పాట.
ఎందుకో రాసినవాడికీ తెలీదు.

అయినా హార్బరు సీను వచ్చేసరికి
నా చేతిలో వేరుశనగ పొట్లం అలాగే ఉండిపోతుంది.

అద్దెకి తెచ్చిన లైట్లు మూడు.
రెండో రాత్రికి రెండు మాడిపోయాయి.
డైరెక్టరు శంభుమూర్తి తల పట్టుకుని
జెట్టీ మెట్ల మీద కూలబడితే
ఎలక్ట్రీషియన్ కన్నంనాయుడు, మా మేనమామ,
బీడీతో కొండకేసి చూపించాడు.
"ఆ లైట్‌హౌసు ఉంది గదా బావూ,
దానికి అద్దెట్టక్కర్నేదు."

బురుజుపేట మంగలి షాపు నుంచి
నిలువుటద్దం ఒకటి మోసుకొచ్చాడు.
కొండ మీది వెలుగు చుట్టు తిరిగి వచ్చినప్పుడల్లా
అద్దంలో పట్టి
విమలాబాయి ముఖం మీద పారబోశాడు.
వెలుగు ఉన్నంతసేపే మాట.
పోయాక అందరూ
ఊపిరి బిగబట్టి నిలబడటమే.

"నువ్వేనా?" అంటుంది ఆమె.
చీకటి.
లాంచి గొలుసు ఎక్కడో రాసుకుంటుంది.
వెలుగు తిరిగొచ్చేసరికి
ఆమెకి తెలిసిపోయింది
అతను అబద్ధం ఆడబోతున్నాడని.
ఎప్పుడు తెలిసిందో మనం చూడలేదు.

ఆమె చెంప మీద వెలుగు వణుకుతుంది చూశారూ,
అంతరాత్మ క్షోభ అని రాశాడు ఒక పెద్దమనిషి.
మామకి ఆ వారం చలిజ్వరం.

సినిమా పదకొండు రోజులాడింది.
పన్నెండోనాడు దేవుడి బొమ్మ వేశారు.
మామకి రావలసిన పద్దెనిమిది రూపాయలు
శంభుమూర్తితోపాటే పోయాయి.

చివరికి హంతకుడు దొరకడు.
ముడిఫిల్మ్ అయిపోయింది మరి.
లాంచి కదులుతుంది, నల్లటి నీళ్ల మీదే
'శుభం' పడుతుంది.
ఎవరికో చెప్పరు.
హాల్లో జనం కుర్చీలు తన్నారు.
"ఇంకో వందడుగులుంటే పట్టేసుందుము"
అనేవాడు మామ, పోయేదాకా.

ఆ అక్షరాలు పడేముందు
కుడి మూల జాగ్రత్తగా చూడండి.
అద్దం అంచు, దాన్ని పట్టుకున్న చెయ్యి,
మణికట్టుకి నల్లతాడు.
రెప్పపాటు కాలం.
అది కూడా తప్పే.
రాసుకోండి.