మూడింటికి రమ్మన్నారు

మింటో ఆసుపత్రిలో కంట్లో చుక్కలు వేసి
మూడింటికి మళ్ళీ రమ్మన్నారు.
అందాకా ఎక్కడికని, లాల్‌బాగ్ బండెక్కాం
నేనూ ఓబులేసు మామా.

మందుకి లోకమంతా మసక.
చెప్పులు విడిచి చేత పట్టుకున్నాడు,
గుడి అని కాదు,
పాదానికి రాయి తెలియాలని.

పలక మీదున్నది నేనే చదివి వినిపించాను:
ఈ బండ వయసు మూడువందల కోట్ల ఏళ్ళు.
"కోట్లా!" అన్నాడు.
"మాకు గజానికి నాలుగు రూపాయలిచ్చినారు."

వంగి, తెల్లచార వెంబడి
అరచెయ్యి పోనిచ్చాడు, ఈనబోయే ఆవును నిమిరినట్టు.
"నార ఇట్ల పోతాంది.
ఈడ మడత పడింది సూడు,
అప్పుడిది మెత్తగా ఉన్నింటాది, రాగిసంగటి మాదిరి."
పలక మీద సంగటి మాట లేదు.

కెంపేగౌడ గోపురం దగ్గర ఎవరో పిల్లాడు
తాళంచెవితో రాతి మీద పేరు గీకుతున్నాడు.
మామ తనకొచ్చిన కన్నడంలో నవ్వాడు:
"చెవితో కాదు నాయనా, ఉలి కావాల."
గీకడం ఆపి వాడు మామ వేళ్ళు చూశాడు.
కుడిచేతికి మూడే.

"నువ్వయితే ఎక్కడ పగలేస్తావు మామా?"
ఊరికే అడిగాను.
వెతకనైనా లేదు. బొటనవేలితో చూపించాడు.
"ఈడ. ఐదు మేకులు చాలు."

కింద ఊరు హారన్లు కొడుతూనే ఉంది.
కాసేపటికి, నేను చూడలేదనుకుని,
ఆ చోటు మీంచి
మెల్లగా కాలు తీసేశాడు.