రేకుల కేసు

కొత్త కోర్టులో నాది దుభాషి కొలువు.
లోర్మాలో విన్నది ఇంగ్లీషులో చెప్పాలి,
ఇంగ్లీషులో విన్నది లోర్మాలో.
మన్రోవియా నుంచి వచ్చిన శిక్షణవాళ్లు
మూడు వారాలు ఒకటే నూరిపోశారు:
"ఆవిడ అంది" అనకు, "అతను చెప్పాడు" అనకు.
సాక్షి "నేను" అంటే నువ్వూ "నేను" అను.
మధ్యలో నువ్వు లేవు.

లేకపోవడం నాకు కొత్త కాదు.

పాత కోర్టు సంగతి అందరికీ తెలుసు.
కోడిపుంజు తెచ్చినవాడిది గెలుపు,
వెనకాల మేకతో ఇంకొకడు వస్తే
కోడి ఓడిపోయేది.
తర్వాత యుద్ధం. కాలినవి కాలగా మిగిలిన కాగితాల్లో
సంతలో వేరుశనగలు పొట్లాలు కట్టారు.
నేనూ కొన్నాను ఒకటి. గింజలు తిని విప్పి చదివితే
ఎవరిదో సరిహద్దు తగాదా, సగంలో చిరిగింది.
ఆ కోలా చెట్టు చివరికి ఎవరి వైపు పడిందో
ఇప్పటికీ తెలీదు నాకు.

ఇప్పుడు గోడలకు సున్నం. బల్ల కొత్తది,
కోర్వా వడ్రంగి చేశాడు, ఒక కాలు పొట్టి.
గుమ్మం పక్కన ఫీజుల పట్టిక, పెద్ద అక్షరాల్లో.
ఇంతకు మించి ఎవరడిగినా ఈ నంబరుకు చెప్పండి, అని.
ఆ నంబరు పలకాలంటే మాత్రం
మనం కొండెక్కాలి.

జడ్జి తార్పే గారు సన్నటి మనిషి, కాళ్లకి రబ్బరు బూట్లు.
వారం రోజులు ఖాళీ బెంచీలను చూస్తూ కూచున్నారు.
ఎనిమిదో రోజు గోర్పు అవ్వ వచ్చింది.
"ఎవరి మీద ఫిర్యాదు?"
అవ్వ వేలు పైకెత్తింది.
దేవుడి మీదేమో అనుకున్నాం.
కాదు, కప్పు మీద.

"ఆ ఏడు రేకులూ నావి," అన్నాను నేను.
"పామాయిలు డబ్బాలు నెత్తిన మోసి
గినియా సరిహద్దు దాకా నడిచి అమ్మి
ఏడాదికి ఒకటి చొప్పున కొన్నాను.
మూడోదాని మీద సొట్ట చూడండి,
నా చిన్నోడు మామిడికాయకి రాయి విసిరితే పడింది.
చిన్నోడు లేడు. సొట్ట ఉంది."

అందరం తలలెత్తి చూశాం.
ఉంది.

ప్రభుత్వం తరఫు కుర్రాడు లేచి
కంట్రాక్టరు రసీదు చూపించాడు, ముద్రతో సహా:
రేకులు, వాడినవి, ఏడు.
ఎవరి దగ్గర కొన్నారో లేదు.
"ఊడదీసి పట్టుకుపోయింది ఎవరు?"
జడ్జి గారు ఇంగ్లీషులో అడిగారు. నేను లోర్మాలో అడిగాను.
అవ్వ చెప్పింది. నేను చెప్పాను:
"తుపాకులవాళ్లు ఊడదీశారు. మోసింది పిల్లలు.
ఆఖరివాడికి పదేళ్లుంటాయేమో, రేకు వాడికన్నా పొడుగు.
అంచు కోసుకుని చెవి పక్కన రక్తం కారుతోంది.
నేను నీళ్లిచ్చాను.
తాగి వెళ్లిపోయాడు."

ఒక్క ముక్క మింగలేదు.
చెయ్యి మాత్రం దానంతటదే
చెవి పక్కన గీత దగ్గరికి పోయింది.

తీర్పు రెండే వాక్యాలు. రేకులు ఆవిడవి.
రేపటిలోగా దించి ఇవ్వాలి.
వేసిన కోర్వానే నిచ్చెనెక్కి మేకులు పీకాడు.
ఆరింటిని మనవళ్లు మోసుకుపోయారు,
సొట్ట రేకు అవ్వే నెత్తిన పెట్టుకుంది.

ఇప్పుడు జడ్జి గారి కుర్చీ పైన ఆకాశం.
కొత్త రేకులకని మూడు ఉత్తరాలు రాశాం, జవాబు లేదు.
వానొస్తే వాయిదా. ఫైళ్ల మీద టార్పాలిన్ కప్పి
ముద్దాయీ, బంట్రోతూ, జడ్జి గారూ
తడవని ఆ ఒక్క మూలకే చేరతాం.
అయినా బెంచీలు చాలడం లేదు. తీర్పు మర్నాడు
తెల్లారకముందే మెట్ల మీద పదకొండు మంది:
పొలం గట్లు, ఒక కుట్టుమిషను,
తిరిగి రాని కూతురు,
పేరడిగితే చెప్పనివాడు ఒకడు.

నేనింకా ఆ వరసలో నిలబడలేదు.
నిన్న గుమాస్తాని మాటవరసకి అడిగాను,
దుభాషే సాక్ష్యం చెప్పాల్సి వస్తే
మధ్యలో ఎవరుంటారని.
"రూల్సులో లేదు," అన్నాడు, తడిసిన కాగితాలు ఆరేస్తూ.

ఇంటికొచ్చి చీకట్లో అనుకుని చూశాను,
లోర్మాలో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి.
"నేను" దాకా వచ్చి ఆగింది, రెండింట్లోనూ.
దాహం వేసింది.
లేచి కుండలో నీళ్లు ముంచుకున్నాను.