జల్లెడ కడిగే మనిషి

జూన్ వస్తే మా చిత్తూరు పసుప్పచ్చగా కారతుంది.
గుడిపాల దారి పొడుగూతా ట్రాక్టర్లు,
తోతాపురి ముక్కుల మీద ఈగలు,
ధర కోసం గేటు ముందర రెండు రాత్రులు పడుకున్న రైతులు.
లోపల, మూడో మిషను కింద, నేను.
పేరు మొగిలీశ్వరి. పని జల్లెడ కడగడం.

గుజ్జు దిగాల, పీచు దిగరాదు.
రెండు గంటలకొకసారి బెల్లు కొడతారు,
మిషను ఆగతుంది,
సొరుగు మాదిరి బయటికి లాగి
పైపు నీళ్లు పట్టి, బ్రష్షుతో రుద్ది
వెలుతురుకి ఎత్తి చూస్తాను.
ఒక్క కన్ను పూడినా సూపర్‌వైజర్ దామోదరం ఊరుకోడు.
పద్దెనిమిది సీజన్లు.

పోయిన సీజన్లో, మధ్యాన్నం షిఫ్టులో
'ఆ బుట్ట ఇట్లియ్యి' అనబోయినాను.
బుట్ట రాలే.
బుట్ట కాదు, బుట్ట అనే మాట.
నోట్లో దాని ఖాళీ మటుకు ఉండాది,
పన్ను ఊడిన చోటు మాదిరి.
కుడిచేతి బ్రష్షు
నన్నడక్కుండానే కింద పడింది.
పావుగంట.
మళ్లీ మాట వచ్చింది, చెయ్యి వచ్చింది.
కన్నెమ్మ ఎండదెబ్బ అనింది, మజ్జిగ పోసింది.

తిరపతిలో డాక్టరు ఎండ కాదన్నాడు.
గుండె తాళం తప్పి కొట్టుకుంటా ఉండాదంట,
ఒక మూలన కదలని నెత్తురు గడ్డ కడతా ఉండాదంట,
దాంట్లో చిన్న ముక్క మెడ దారిన పైకెక్కి
బుట్టను మూసేసి, కరిగిపోయిందంట.
"ఈసారికి పోయింది. పెద్దది ఎక్కితే?"
నెత్తురు పల్చనయ్యే మాత్రలు రాసినాడు.
నెల తిరక్కుండా కడుపులో పుండు పగిలి
నల్లగా పోయింది నెత్తురు.
మాత్రలు నిలిపేసినారు.

అప్పుడు చూపించినాడు, తెల్లగుడ్డ మీద,
తలవెంట్రుక మాదిరి తీగ.
లోపలికి పోయినాక చుట్టలు చుట్టుకుంటుందంట,
మెడకి అటొకటి, ఇటొకటి.
"ఇది ఇంకా పరీక్షలో ఉండాదమ్మా.
హామీ ఇయ్యలేను. ఆలోచించుకో."
నేనడిగింది ఒకటే.
"కన్ను ఎంత సార్?"
ఆయనకి అర్థం కాలే.
"జల్లెడ కన్ను. ఎంతది దిగతుంది, ఎంతది ఆగతుంది?"
కాగితాలు పక్కన పెట్టి
మొదటిసారి కుర్చీ నా తట్టుకి తిప్పుకున్నాడు.
"గసగస దిగతుంది. ఆవగింజ దిగదు."
సంతకం పెట్టినాను.

సూది గుచ్చింది తెలిసింది, తీగ పోయింది తెలియలే.
రాత్రి వార్డులో నిద్ర రాలే.
ఎవరు కడగతారు దీన్ని?
బెల్లు లేదు, పైపు లేదు,
మిషను ఆపే పని లేదు,
ఆపితే నేనే లేను.
పొద్దున అడిగితే
"నెత్తురే కడగతుందమ్మా" అన్నాడు.
వచ్చే నెత్తురు వచ్చినట్టే
చిక్కినదాన్ని నాక్కుంటా నాక్కుంటా కరిగిస్తుందంట.
"అన్నిసార్లూనా?"
"అన్నిసార్లూ అని చెప్పలేను."
ఆ మాటకే ఆయన మీద గురి కుదిరింది.

ఫ్యాక్టరీలో నేను ఆపింది కంటికి కనిపిస్తుంది.
పీచు, టెంక చెక్క, ఒకసారి ఎవరిదో ముక్కుపుడక.
గోడవతల కుప్ప పడతుంది,
పులిసిన వాసనకి ఆవులొస్తాయి.
మెడలో ఆగింది ఎవరికి కనిపిస్తుంది?
ఏ తెల్లారుజామునో ఆడ చిక్కుకొని ఉంటుంది
నా కుడి చెయ్యి,
లేకుంటే ఉప్పు అనే మాట,
కన్నెమ్మ పేరు,
ఇంటికి పోయే బస్సు.
నేను ఒత్తిగిల్లి పడుకొని ఉంటాను.
ఏమీ జరగలేదని ఎవురన్నా పాయసం వండుకుంటారా?

మళ్లీ జూన్.
బరువులు ఎత్తొద్దని దామోదరం
నన్ను తూకం గది కాడ కూచోబెట్టినాడు.
మూడో మిషను కింద కొత్తపిల్ల, గోమతి.
బెల్లు కొడితే నా కాళ్లు లేస్తాయి, మళ్లీ కూచుంటాయి.
ఆ పిల్ల వెలుతురుకి ఎత్తకుండానే సరే అనేస్తుంది.
ఓర్చుకోలేక పోయి చెప్పినాను.
"ఒక కన్ను మూసి చూడు మే,
ఆకాశం చుక్కలు చుక్కలుగా దిగాల."
చూస్తా చూస్తానే అడిగింది,
"ఎందుకక్కా, మాటిమాటికీ మెడ తడుముకుంటావు?"
దోమ, అన్నాను.
ఆ బుట్ట ఇట్లియ్యి, అన్నాను.