ఐదుకు పది నిమిషాలు

సెప్టెంబరు మూడు, అరవై ఏడు. ఆదివారం.
స్వీడన్ అంతా కారు తాళాలు మేకుకి తగిలించి పడుకున్న రాత్రి
యెర్కర్ గారి ఆవుకు మాత్రం నొప్పులు ఆగలేదు.
పశువుల డాక్టర్ని కాబట్టి
అద్దానికి అనుమతి కాగితం అంటించుకుని బయల్దేరాను.

నాలుగూ యాభైకి రేడియో ఆగమంది.
ఆగాను,
యూస్నన్ నది పక్కన, ఎడమ అంచున, ఇంజను ఆపకుండా.
మెల్లగా కుడివైపుకి జరగమంది.
జరిగాను,
నిద్రలో మనిషి మంచం మీద అటు పొర్లినట్టు.
మళ్ళీ ఆగమంది. ఐదయ్యేదాకా.

ఎదురుగా ఒకడు నిచ్చెనెక్కి
కొత్త గుర్తుకి చుట్టిన నల్ల గుడ్డ విప్పుతున్నాడు.
ఈ ఏడాదంతా 'కుడి' అనే మాటకి మొదటి అక్షరమే ఎక్కడ చూసినా:
పాల డబ్బా మీద, చేతి తొడుగుల మీద,
ఆఖరికి లోదుస్తుల మీద కూడా.
చూస్తే పడీ పడీ నవ్వేదానివి, గున్వోర్.

పది నిమిషాలు ఊరికే దొరికితే మనిషేం చేస్తాడు?
పక్క సీటు చూస్తాడు.

మన డ్యుయెట్‌కి స్టీరింగు ఎడమనే,
మనం నడిపిందీ ఎడమనే.
నాకు కనిపించేది రోడ్డు పక్క గుంట. రోడ్డు కాదు.
ముందు కలప లారీ అడ్డమొస్తే
నీ తల కిటికీ బయటికి,
జుట్టంతా గాలికి,
"ఆగు... ఆగు... ఊఁ, పోనీ."
పదకొండేళ్ళు నా ప్రాణం నీ 'ఊఁ' మీద నడిచింది.
ఒక్కసారీ తప్పు చెప్పలేదు నువ్వు.
(ఉప్పు విషయంలో అంత నమ్మకం ఉండేది కాదు.)

యాభై ఐదులో ఓటేయమన్నారు.
ఇంచుమించు ఊరంతా వద్దంది, నేనూ వద్దన్నాను.
నువ్వు మారాలన్నావు.
ఎందుకో చెప్పలేదు.
వారం తర్వాత, దుంపల తొక్క తీస్తూ, తలెత్తకుండా,
"నాకూ కార్లో నిద్రపోవాలని ఉంటుంది, ఏవర్ట్."

నువ్వు పోయాక మూడు శీతాకాలాలు
ఒక్క లారీనీ దాటలేదు.
పచ్చి దుంగల వాసన పీలుస్తూ వెనకే పోయాను.
ఆలస్యం డాక్టరని పేరొచ్చింది.
ఆ ఆలస్యానికి ఒకాయనకి గొర్రె బాకీ ఉన్నాను.

ఐదు కొట్టింది.
చేతులు వణికాయి, అబద్ధమెందుకు.

కొట్టంలో దూడ ముందుకాలు వెనక్కి మడిచి ఉంది.
భుజందాకా చెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని వెతికాను.
అక్కడ కుడేదో ఎడమేదో ప్రభుత్వం చెప్పదు,
వేళ్ళు చెప్పాలి.
దొరికింది. తిప్పాను. పెయ్యదూడ.
యెర్కర్ భార్య కాఫీ పోస్తూ అడిగింది,
కొత్త దారి ఎలా ఉందని.
అదే దారి, అన్నాను.

తిరిగి వస్తుంటే
పీకేసిన పాత గుర్తులు నింపుకుని
గలగలమంటూ ఒక లారీ, నత్తనడక.

ఇప్పుడు నేను రోడ్డు నడిమి వైపున్నాను.
మెడ చాచే పని లేదు.
వంపు దాకా కనిపిస్తోంది,
వంపు అవతల చర్చి గోపురం కూడా.
ఎవరూ రావడం లేదు.
అయినా కాలు కదల్లేదు. చెవి ఒగ్గాను.
పక్క సీట్లో నా సంచి, దూడని లాగిన తడి తాళ్ళు.

నీ మాట రాలేదు.
పడుకున్నావు కాబోలు.

హారన్ కొట్టకుండా దాటాను.