నాలుగో పేరు

లిస్టు ఒక్కటే కాగితం.
నాలుగు గుండుసూదులు, నాలుగు కాలేజీలు.
మా అచ్చంపేట ఐదో వరుసల గూడ లేదు.
ఐదో వరుసే లేదు.

ఏడు ఆడినం. ఆరు గెలిచినం. ఒకటి సమం.
నాలుగో పేరుగ ఎక్కినోళ్లు రెండు ఓడిండ్రు.
అందుల ఒకటి మా మీదనే,
పల్లికాయ పీకిన చేను పక్క గ్రౌండుల,
గోలుపోస్టుకు దోమతెర గట్టిన దిక్కు.
రవీందర్ కొట్టిన బంతికి ఆ తెర చినిగింది.
ఇప్పటికీ కుట్టలే.
సాక్ష్యం గావాల్నంటె వచ్చి ఏలు పెట్టి సూడుండ్రి.

కమిటీ సారు కండ్లద్దాలు తుడుసుకుంట అన్నడు:
"గెలుపులన్నీ ఒక్క తూకం గావు బాబూ,
మీరు ఎవర్ని గెలిచిండ్రన్నది సూడాలె."

ఎవర్ని గెలుస్తం సార్?
మీరెవరి మీదికి తోలితె వాళ్లనే గెలిచినం.
షెడ్యూలు రాసింది మీ పెన్నే.
తక్కెడ మీది, రాళ్లు మీవి,
తక్కువ తూగింది మాత్రం మేము.

ఐదుగురు మెంబర్లల్ల ముగ్గురు
ఆ నాలుగో కాలేజీల సదివినోళ్లేనట.
ఖాజా చెప్పిండు. ఖాజాకు ఎవరు చెప్పిండ్రో అడగలే.
కోపం రుజువులు అడగదు,
మహబూబ్‌నగర్ దాకా పెట్టిన బస్సుకిరాయే సాలు దానికి.

జడ్చర్ల దాకా కమిటీని తిట్టినం.
మిడ్జిల్ దాకా స్టేడియం గడ్డిని తిట్టినం,
అంత పచ్చగ ఉంటె కండ్లు గూడ అటే పోతయని.
కల్వకుర్తిల మిర్చిబజ్జీల నూనె కాగితం మీద
దరఖాస్తు చిత్తు రాసినం.
"అన్యాయం" దగ్గర యావత్తు మర్చిపోయి మల్ల పెట్టినం.
తెల్లకాగితం మీదికి ఎక్కించి
పదకొండు మందిమి సంతకాలు పెట్టినం.

వంగూరు గేటు దాటినంక అందరూ నిద్రవోయిండ్రు.
ఎనక సీట్ల బంతుల సంచి ఒళ్లె పెట్టుకోని
కట్రాజు బయ్యన్న ఒక్కడే మేల్కోనున్నడు.
అప్పాపూర్ పెంట నుంచి వచ్చినోడు.
పదహారో నెంబరు అంగీ,
కొన్ననాడు పడ్డ మడత అట్లనే ఉన్నది.

"అన్నా, ఒకటి అడుగుత."
"అడుగు."
"నేను ఎందుకు ఆడలే?"

ఏడు మ్యాచులు. ఒక్క నిమిషం గూడ లేదు.
నీళ్లు మోసిండు. బంతి అడవిల వడితె తెచ్చిండు.
నేను కెప్టెన్‌ని. పేర్లు నేనే రాసి సారుకిచ్చిన.

"ప్రాక్టీసుల మంచిగనే ఆడుతవు రా,
కని నువ్వు దాటింది ఎవర్ని అన్నది..."

అన్న. అనంగనే ఇన్న.
నా నోట్లె కండ్లద్దాలు తుడుసుకుంటున్న సప్పుడు.

వాడు దాటింది నన్ను.
రెండుసార్లు. ఉత్త కాళ్లతోని.
రెండోసారి నేను కింద వడ్డ,
అందరూ నవ్విండ్రు, నేను గూడ నవ్విన.
అందుకేనా? ఏమో.
వాడు తక్కువ మాట్లాడుతడనా, ఆ బూట్లు లేవనా,
పేర్లు రాసేటప్పుడు వాడు గుర్తే రాలేదా?
ఒట్టువెట్టి చెప్పుమంటె
ఏదని చెప్పలేను.
కమిటీ సారుకు గూడ గిట్లనే తెల్వకుండునా?
తెల్వకుంటె తప్పు తగ్గుతదా?

బస్సు అచ్చంపేట డిపోల ఆగింది.
దరఖాస్తు నా జేబుల ఉన్నది. రేపు పంపుత,
పంపకుంటె అదింకో అన్యాయం.
పదకొండు సంతకాలే.
పన్నెండోదానికి కాగితం
ఎనక సీటు దాకా పోలేదు.

మన్ననూరు ఆటో ఎక్కుతూ
బయ్యన్న సంచి నా చేతికిచ్చిండు.
"సోమవారం ప్రాక్టీసు ఉన్నదా అన్నా?"

టోర్నమెంటు అయిపోయింది. సీజను అయిపోయింది.
ఉన్నది, అన్న.