ఇమానం పాయ

పటంలో ఆ పాయకి పేరు లేదు.
భైరవపాలెం పడవలవాళ్ళు మాత్రం
అడుగున వల తగులుకున్నప్పుడల్లా
తిట్టుకుంటూ అనే పేరు: ఇమానం పాయ.

కాకినాడ మీద బాంబులు పడ్డ మరుసటేడు,
కార్తీకంలో, మూడ్రోజుల ముసురు ముదిరి తుఫానైన రాత్రి.
మా మామ్మ ఓలేటి సూరాయికి పంతొమ్మిదేళ్ళు,
కడుపులో మా పెదనాన్న.
మబ్బు లోపల ఎవరో ముసలాయన ఆగి ఆగి దగ్గుతున్నట్టు
చప్పుడు వినిపించిందట.
అందరూ తలెత్తి చూశారు.
రంగం నుంచి కాలినడకన తిరిగొచ్చిన కొప్పాడి గవరయ్య ఒక్కడే
బురదలో బోర్లా పడి చెవులు మూసుకున్నాడు.
ఆ చప్పుడు కింద అతను ఒక తమ్ముణ్ణి వదిలేసి వచ్చాడు.

తెల్లారి గాలి తగ్గాక దోనె వేసుకెళ్ళారు.
పీతలు పట్టే దారులు తెలుసని మామ్మ కూడా.
మడచెట్ల తలలు కొడవలితో కోసినట్టున్నాయి.
పాటుకి బయటపడ్డ బురదలో
ముక్కు దిగేసిన పెద్ద వెండి చేప.
నీళ్ళమీద రంగురంగుల నూనె,
నూనెలో తేలుతూ ఒక ఉత్తరం, ఒక దువ్వెన.

పదకొండు బూట్లు దొరికితే
కరణంగారు ఆరుగురని రాసుకున్నారు.
నలుగురు అప్పటికే అయిపోయారు.
ఒకడు అసలు లేడు.
ఒకడికి ఊపిరుంది,
తొడల మీద ఇనుము, ఎర్రటి గడ్డం, మీసం ఇంకా సరిగా రాలేదు.

పోటు మొదలైంది.
ఎనిమిదిమంది పట్టినా ఇనుము కదల్లేదు.
గవరయ్య తనకొచ్చిన ఇంగ్లీషంతా వాడాడు:
ఎత్తు, దించు, తప్పుకో, కూలి రేపు.
రంగం రేవు అతనికి నేర్పిందంతే.
చచ్చిపోయేవాడితో అనే మాట అందులో ఒక్కటీ లేదు.

మామ్మ వాడి తల ఒళ్ళోకి తీసుకుని
నీళ్ళు పెరిగేకొద్దీ పైకెత్తుతూ కూర్చుంది.
మోకాలి దాకా, తర్వాత కడుపు దాకా.
లోపల పెదనాన్న ఒకటే తన్నడం.
వాడు మామ్మ మొహంలోకి చూసి అన్నాడట,
"ఇల్కిలీ."
మళ్ళీ, "ఇల్కిలీ."
మామ్మకది తెలుగులాగే వినిపించింది,
మాటలు కూడగట్టుకుంటున్న పసివాడి తెలుగు.
"ఇల్లుకెళ్ళి కాదు నాయనా,
ఇంటికెళ్ళి అనాలి" అని దిద్దింది.
వాడు నవ్వాడో, నొప్పికి మూతి వంకరపోయిందో.
నీళ్ళు చెవి తాకేలోగా బరువెక్కిపోయాడు.
పోటు వెళ్ళిపోయేదాకా ఆమె చెయ్యి తియ్యలేదు.

ఐదోనాడు మిలటరీ లారీ వచ్చి
శవాల్ని, బూట్లని, ఉత్తరాన్ని లెక్కచూసి పట్టుకెళ్ళింది.
గొడుగుగుడ్డ ఎవరూ చూళ్ళేదన్నారు.
ఆ ఏడు పుట్టిన పిల్లలందరూ
పట్టు ఉయ్యాలల్లో ఊగారు, పెదనాన్నతో సహా.
రెక్కలోంచి విరిచిన రేకొకటి
మా బాతులగూటి మీద ఇప్పటికీ ఉంది. తుప్పు పట్టదు.
వానపడితే మామ్మ దానికేసి చూసేది కాదు.

తొమ్మిదో తరగతిలో అట్లాసు చూస్తుంటే
ఇంగ్లండు పేజీలో, ఆవగింజంత అక్షరాల్లో,
ఇల్క్లీ.
ఊళ్ళోకి పరుగెత్తుకొచ్చి చెప్పాను:
మామ్మా, అది మాట కాదే, ఊరి పేరు!
చేపల పొలుసు గీస్తున్న కత్తి ఆపకుండానే అంది,
"మరి నేనేవన్నాన్రా?"

ఆరోవాడి సంగతి ఎవరికీ తెలీదు.
ఏ మొగలోంచి సముద్రంలోకి పోయాడో,
ఏ తిప్ప మీద ఇసక కప్పుకున్నాడో.
మొన్న గవరయ్య మనవడి వల మళ్ళీ తగులుకుంది.
దిగి చూడమంటే దిగలేదు.
సగం వల కోసి అక్కడే వదిలేసి
ఏమీ మాట్లాడకుండా తెడ్డేశాడు.