నలభై రెండు మెట్లు

రైల్వే స్టేషను ఎదురు సందులో లాడ్జి.
పంతొమ్మిదేళ్ళుగా ఈ బల్ల వెనక నేనే.
తాళంచెవికి కట్టిన చెక్కబిళ్ళ
చీకట్లో తడిమినా ఏ గదిదో చెప్తాను.

ఇప్పుడు రాత్రి పన్నెండున్నర.
ఫోన్లో హనోయి గదులు చూస్తా ఉన్నా.
డిసెంబరులో నేనూ, టైలరు జరీనా.
చీటీ పాడిన డబ్బు. ఆరు రాత్రులు.
రాత్రికి వెయ్యి దాటకూడదని ఒట్టు.
పాస్‌పోర్టు ఫోటోల్లో ఇద్దరమూ
అప్పుడే పట్టుబడిన దొంగల మాదిరి ఉన్నాం.

గదుల ఫోటోలు మాత్రం నన్ను మోసం చెయ్యలేవు.
మూలకు వీపు ఆనించి, గొంతుక్కూచుని తీస్తే
మా పదకొండో నంబరు కూడా కల్యాణమండపమే.
అట్ల తీసింది నేనే.
మంచమ్మీద తువ్వాలును హంసలాగా మడిచినారంటే
మరక యాడుందో హంస కిందే వెతకాల.
"స్టేషనుకు రెండడుగులు" అన్నారంటే
ఆ అడుగులు వామనుడివి.
"ఎప్పుడూ ఉడుకునీళ్ళు" అంటే
తెల్లారి నాలుగు నుంచి ఆరు, అదీ కింది అంతస్తుకి.
"ప్రశాంతమైన చోటు" అంటే చుట్టుపక్కల టీ కూడా దొరకదు.
ఆ దేశం భాష రాదు గానీ
లాడ్జి భాష యాడైనా ఒకటే.

ఒకే గదిలో ఎనిమిది మంచాలు, ఒకదానిమీద ఒకటి,
మనిషికి నాలుగొందలే అంటుంది జరీనా.
చవకే. కాదన్ను.
నా గురక వినడానికి
ఆ దేశదేశాల పిలకాయలు ఏం పాపం చేసినారు?

విమానం దిగేది ఒకటిన్నరకి.
ఆ వేళకి బల్ల వెనక మనిషి ఉంటాడా?
ఏ ఫోటోలోనూ ఆ సంగతి ఉండదు.
రాత్రి రైలు దిగి, బిడ్డను భుజాన వేసుకుని
మా షట్టరు కొట్టినోళ్ళు ఎన్ని వందలమందో.
మెలకువ వచ్చి కూడా
కొన్ని రాత్రులు నేను లేవలేదు.
ఆ చప్పుడు ఇప్పుడు ఫోన్లోంచి వినిపిస్తా ఉంది.

అయిదు చోట్లకు ఒకే ఉత్తరం పంపినా.
లోపలి గడియ ఉందా. కిటికీ ఉందా.
మెట్లెన్ని. రెండు గంటలకు తలుపు తీసేదెవరు.
ఫోనే వాళ్ళ భాషలోకి మార్చింది,
గడియను గంట చేసిందో ఏమో, సామికెరుక.

నాలుగు చోట్ల నుంచి నవ్వుబొమ్మలు, దండాలు.
లియెన్ అనే ఆమె మాత్రం రాసింది:
గడియ ఉంది, గట్టిగా తోస్తేనే పడుతుంది.
కిటికీ ఉంది, పక్కింటి గోడకు తెరుచుకుంటుంది.
లిఫ్టు లేదు, నలభై రెండు మెట్లు, నిట్టనిలువు.
తలుపు నేనే తీస్తాను.
మా అమ్మ రాత్రంతా దగ్గుతుంది, ఏమీ అనుకోవద్దు.

పన్నెండొందలు. రెండొందలు జాస్తి.
జరీనాను అడక్కుండానే కట్టేసినా.
అలిపిరి నుంచి మూడున్నరవేల మెట్లు ఎక్కిందాన్ని,
నలభై రెండు ఒక లెక్కా అంటే
మోకాలు నవ్వింది.
ఆ ఎక్కింది ఎప్పుడో దానికి బాగా గుర్తు.

అంతలో గాజుతలుపు తోసుకుని ఒక సంసారం.
ముసలాయన, ఇద్దరాడోళ్ళు,
రేపటి గుండుకు పెంచిన జుట్టుతో నిద్రలో నడిచే పిల్లోడు.
"కిటికీ ఉందామ్మా గదికి?"
ఉంది, అని ఆగినా.
"తెరిస్తే పక్క లాడ్జి గోడ కనిపిస్తుంది.
ఉడుకునీళ్ళు ఆరుదాకే."
ఒకరి మొహం ఒకరు చూసుకుని
పక్క లాడ్జికే పోయినారు.
అక్కడ కిటికీ తెరిస్తే మా గోడ.

ఓనరుకు ఈ ముచ్చట అక్కర్లేదు.
గంటను బల్లమీద, అందేటట్టు పెట్టి
మెట్లెక్కడం మొదలుపెట్టినా, లెక్కపెట్టుకుంటా.
మిద్దె దాకా ముప్పై ఎనిమిదే.
ఇంకో నాలుగు కోసం
నీళ్ళ ట్యాంకు నిచ్చెన పట్టుకున్నా.